ఓనర్ రౌటర్ ముట్టుకోకుండా అన్నయ్యకు ఫైళ్లు పంపడం ఎలా?

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. ఉత్తరంలోని ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమెకు 31 ఏళ్లు, ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. సొంతూరు కాకినాడ దగ్గర పల్లెటూరు. నాన్నగారు రెండేళ్ల కిందట పోయారు. తాతగారు హరికథలు చెప్పేవారట. ఆయన కథల క్యాసెట్లు 140, ఇంటి ఆల్బమ్‌లు, పెళ్లి వీడియోలు, పొలం దస్తావేజులు, అన్నీ ఆమే కూర్చుని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఒక పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉబుంటు వేసి, గూగుల్ డ్రైవ్ లాంటి పనిని సొంత కంప్యూటర్ మీదే చేసే నెక్స్ట్‌క్లౌడ్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి, దాన్నే ఇంటి సర్వర్‌గా చేసుకున్నారు. మొత్తం 600 జీబీ. ఇంట్లో వైఫై మీద ఉన్నంతసేపు ఫోన్లో అన్నీ తెరుచుకుంటాయి, గుమ్మం దాటితే ఏదీ తెరుచుకోదు.

చిక్కేమిటంటే ఆమె ఉండేది అద్దె పోర్షన్‌లో. నెట్ ఓనర్ గారిది, అద్దెలోనే కలిపి ఇస్తారు. రౌటర్ పై అంతస్తులో వాళ్ల హాల్లో ఉంటుంది. పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటినుంచి వచ్చేవాళ్లను నేరుగా సర్వర్ దగ్గరికి పంపేలా రౌటర్‌లో ఒక తలుపు తెరవడం, చేస్తే బయటి నుంచి ఫైళ్లు అందుతాయని యూట్యూబ్‌లో చూసి ఓనర్ అంకుల్‌ని అడిగితే, "ఆ డబ్బా జోలికి పోవద్దమ్మా, మొన్నే ఒకడు ఏదో నొక్కి రెండ్రోజులు నెట్ లేకుండా చేశాడు" అన్నారట. ఆఫీసులో ఒకతను మాత్రం, "రౌటర్ వెనక స్టిక్కర్ మీదే పాస్‌వర్డ్ ఉంటుంది, వాళ్లింట్లో ఫంక్షన్ అయినప్పుడు పైకెళ్లి ఫొటో తీసుకో, లేదంటే పిన్నుతో రీసెట్ కొట్టు" అని సలహా ఇచ్చాడట.

ఇక ఇంటి సంగతి. పెద్దన్నయ్య న్యూజెర్సీలో, తమ్ముడు బెంగళూరులో ఉంటారు. "అన్నీ నీ దగ్గరే పెట్టుకున్నావు. ఎప్పుడడిగినా లింకు పనిచేయట్లేదంటావు. దస్తావేజులు మాకు చూపించడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పు" అని అన్నయ్య మొన్న ఫోన్లో అన్నారట. వదిన వెనకనుంచి ఇంకో మాట కూడా అన్నారట, అది ఇక్కడ వద్దు. "గూగుల్ డ్రైవ్‌లో పడేయమంటారు. అంత స్థలం కొనాలి, పైగా పొలం కాగితాలు అందులో పెట్టడం నాకిష్టం లేదు. ఊళ్లో అమ్మేమో తాతయ్య కథలు వినాలని రోజూ అడుగుతుంది. రౌటర్ చేతికి రాకుండా దారే లేదా? ఓనర్‌కి చెప్పకుండా ఏదైనా చేస్తే తప్పా? రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు" అని ముగించారు.

సమాధానం:

ముందు ఆ టెన్షన్ కొంచెం తగ్గించుకోండి. రౌటర్ చేతికి రాకపోవడం వల్ల మీరు పోగొట్టుకుంటున్నది మీరనుకుంటున్నంత లేదు. ఓనర్ గారు రేపు పొద్దున్నే మనసు మార్చుకుని పాస్‌వర్డ్ రాసి చేతిలో పెట్టినా, మీ ఫైళ్లు న్యూజెర్సీలో తెరుచుకోకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది.

కారణం చెప్తాను. పాత తరహా ఇంటర్నెట్ చిరునామాలు, అంటే ఐపీవీ4 అడ్రసులు, ప్రపంచం మొత్తానికి కలిపి సుమారు 430 కోట్లే. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి వాటిని పంచే ఏపీనిక్ సంస్థ 2011 ఏప్రిల్‌లోనే చివరి వాటాకు వచ్చేసింది. అందుకని మన దేశంలో చాలా బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు ఇంటికో అడ్రసు ఇవ్వవు. వందల ఇళ్లను ఒకే పబ్లిక్ అడ్రసు వెనక పెట్టి నడుపుతాయి. దీన్ని సీజీనాట్ అంటారు. అలాంటి కనెక్షన్‌లో ఓనర్ రౌటర్‌కి పైన కంపెనీ వాళ్ల రౌటర్ ఇంకొకటి ఉంటుంది. మీరు కింది రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా పైన ఉన్నది తెరవదు. యూట్యూబ్ వీడియో చేసినాయన కనెక్షన్‌కి పబ్లిక్ అడ్రసు ఉండి ఉంటుంది, అందుకే ఆయనకు పనిచేసింది.

మీ కనెక్షన్ కూడా అలాంటిదేనా అన్నది పైకి వెళ్లకుండానే చూసుకోవచ్చు. విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ట్రేసర్ట్ (tracert) కమాండ్ ఇచ్చి, పక్కన 8.8.8.8 అని కొట్టండి. మొదటి వరుసలో 192.168తో మొదలయ్యే ఓనర్ రౌటర్ అడ్రసు వస్తుంది. రెండో వరుసలో 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే అడ్రసు కనిపిస్తే అది సీజీనాట్ కోసమే 2012లో కేటాయించిన వరుస, ఇక అనుమానం అక్కర్లేదు. 10తో మొదలయ్యేది కనిపించినా చాలావరకు అదే కథ.

ఆఫీసు మిత్రుడి సలహా సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. పిన్నుతో రీసెట్ కొడితే పాస్‌వర్డ్ ఒక్కటే కాదు, కంపెనీ వాళ్లు అందులో పెట్టిన యూజర్ నేమ్, సెట్టింగులు కూడా పోవచ్చు. ఇల్లంతా నెట్ ఆగిపోతుంది, టెక్నీషియన్ వచ్చేదాకా రాదు. ఓనర్ గారు ఇప్పటికే ఒకసారి పడ్డ బాధ అదే అయ్యుంటుంది. ఇక స్టిక్కర్ ఫొటో తీసి దొంగచాటుగా లాగిన్ అవడమంటారా, యజమాని అనుమతి లేకుండా ఇంకొకరి కంప్యూటర్ వ్యవస్థలోకి వెళ్లడం 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ కిందికి వస్తుంది. దురుద్దేశంతో చేశారని తేలితే 66వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మీ మీద ఎవరో కేసు పెడతారని కాదు. పనికిరాని సెట్టింగ్ కోసం ఇంత నెత్తిన పెట్టుకోవడం ఎందుకని.

ఇంకో మాట. పోర్ట్ తెరుచుకోకపోవడం ఒక విధంగా మీ మంచికే. 2022 జనవరిలో క్యూనాప్ కంపెనీ స్టోరేజ్ డబ్బాలను, అవీ నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టినవాటిని, డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ పట్టుకుంది. ఫైళ్లన్నీ తాళం వేసి 0.03 బిట్‌కాయిన్ ఇస్తే గానీ విప్పనంది. అవి ఎక్కువగా మీలాంటి ఇళ్లలోవీ, చిన్న ఆఫీసుల్లోవీ. మీరు ఆఫీసు నుంచి వచ్చాక తీరిక దొరికితే అప్‌డేట్లు చూసుకునే మనిషి. ప్రపంచం మొత్తానికి తలుపు తెరిచిపెట్టి కాపలా కాయడం మీ పని కాదు.

మరి దారి? బయటివాళ్లను లోపలికి రానివ్వాలని చూడకండి, లోపలున్న ల్యాప్‌టాప్‌నే బయటికి పంపండి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని చూడండి, ముక్కూమొహం తెలియని మనిషి వస్తే గేటు దగ్గరే ఆపుతాడు. అదే మీరు లోపలినుంచి ఫోన్ చేసి ఆర్డర్ పెట్టుకున్న డెలివరీ అబ్బాయిని వదులుతాడు. రౌటర్లూ అంతే. లోపలినుంచి మొదలైన సంభాషణకు వచ్చే జవాబును రానిస్తాయి. మీరు బ్రౌజర్‌లో ఏ పేజీ తెరిచినా జరిగేది ఇదే, దానికి ఓనర్ గారి పాస్‌వర్డ్ అక్కర్లేదు కదా. ఈ సూత్రం మీద పనిచేసే సాఫ్ట్‌వేర్లు రెండు మూడు రకాలు ఉన్నాయి. ఏది మంచిదన్నది అవతల ఎవరున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. మీ ఉత్తరంలో అవతల ముగ్గురున్నారు, ముగ్గురి అవసరమూ వేరు. మీరు ముగ్గురికీ ఒకే లింకుతో పని జరిపించాలని చూస్తున్నారు. నాకు అనిపించేదేమిటంటే, సగం చిక్కు అక్కడే ఉంది.

అమ్మతో మొదలుపెడతాను, అది తేలిక. అమ్మకు సర్వర్ అక్కర్లేదు. గంటసేపు సాగే హరికథను ఎంపీ3గా మారిస్తే, 64 కేబీపీఎస్ నాణ్యత చాలు అనుకుంటే, 30 ఎంబీ కూడా ఉండదు. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా 2 జీబీ దాకా వెళ్తుంది. వారానికో కథ పంపండి. పాత క్యాసెట్‌లో ఉన్న గొంతుకు అంతకన్నా నాణ్యత పెంచినా అమ్మ చెవికి తేడా తెలియదు. అసలు రికార్డింగ్ పెద్ద ఫైలుగా మీ దగ్గర ఎలాగూ ఉంటుంది. అమ్మ ఫోన్లో యాప్ ఎక్కించి, లాగిన్ నేర్పించి, అది మర్చిపోయినప్పుడల్లా ఫోన్లో "పైన మూడు చుక్కలున్నాయి చూడమ్మా" అని చెప్పే బాధ ఎందుకు?

ఇక మీకోసం. ఆఫీసులో ఉన్నా, ఊరెళ్లినా మీ సర్వర్‌ను మీరు చూసుకోవాలంటే టెయిల్‌స్కేల్ లాంటిది సరిపోతుంది. ఇది వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి మీద నడుస్తుంది, వీపీఎన్ అంటే ఇంటర్నెట్ మీదే మీ పరికరాల మధ్య వేసుకునే ప్రైవేటు దారి. ఉబుంటుకు మూలమైన లినక్స్ కెర్నెల్‌లోనే 2020 నుంచి ఉన్న పద్ధతి అది. సర్వర్‌లో ఒకటి, ఫోన్లో ఒకటి ఇన్‌స్టాల్ చేసి ఒకే అకౌంట్‌తో లాగిన్ అయితే, రెండూ ఒకే ఇంట్లో ఉన్నట్టు ఒకదానికొకటి కనిపిస్తాయి. రెండు పరికరాలూ ముందు బయటున్న ఒక కోఆర్డినేషన్ సర్వర్‌తో మాట్లాడి ఒకదాని జాడ ఒకటి తెలుసుకుంటాయి, తర్వాత నేరుగా కలుస్తాయి. నేరుగా కుదరకపోతే మధ్యలో రిలే సర్వర్ గుండా వెళ్తాయి. అప్పుడు నెమ్మదిస్తుంది, కానీ మధ్యవాళ్లు ఫైళ్లు చదవలేరు, ఎన్‌క్రిప్షన్ తాళాలు మీ పరికరాల్లోనే ఉంటాయి. వ్యక్తిగత వాడకానికి ఉచితం. జీరోటియర్ కూడా ఇలాంటిదే.

దీన్లో రెండుచోట్ల అందరూ తడబడతారు. ఒకటి, కొత్త అడ్రసుతో నెక్స్ట్‌క్లౌడ్ తెరవగానే ఇది నమ్మదగిన డొమైన్ కాదంటూ ఎర్రర్ వస్తుంది. సర్వర్ పాడైందని కంగారు పడొద్దు. నెక్స్ట్‌క్లౌడ్ కాన్ఫిగ్ ఫైల్లో ట్రస్టెడ్ డొమైన్స్ జాబితాకు ఆ కొత్త అడ్రసు చేర్చాలి, అంతే. రెండోది ఇంకా చిరాకు పెట్టేది. లాగిన్ గడువు మామూలుగా 180 రోజులు. ఆరు నెలలు బ్రహ్మాండంగా నడిచి, ఒకరోజు ఉన్నట్టుండి సర్వర్ మాయమవుతుంది, అదీ సరిగ్గా మీరు ఊళ్లో ఉన్నప్పుడు. సర్వర్ వరకు ఆ గడువును అడ్మిన్ పేజీలోకి వెళ్లి ఇప్పుడే ఆపేయండి. లాగిన్‌కి వాడే మెయిల్ అకౌంట్‌కి రెండంచెల భద్రత పెట్టుకోవడం కూడా తప్పనిసరి, ఎందుకంటే ఆ మెయిల్ పోతే సర్వర్ దాకా దారి పోయినట్టే.

అన్నయ్యను కూడా ఇందులోనే చేర్చవచ్చు. మీ సర్వర్ ఒక్కదాన్నే ఆయన అకౌంట్‌తో షేర్ చేసే వీలుంది, మీ మిగతా పరికరాలు ఆయనకు కనిపించవు. అక్కడినుంచి ఆయన ఫొటోలు చూసుకుంటారు, దస్తావేజు తెరుచుకుంటారు. కానీ దీనివల్ల అన్నయ్యతో మీ గొడవ తీరుతుందా? నాకు అనుమానమే.

ఉత్తరంలో ఆయన అన్న మాట మళ్లీ చదివాను. "అన్నీ నీ దగ్గరే పెట్టుకున్నావు" అన్నారు. లింకు స్లోగా ఉందనో, ఓపెన్ కావట్లేదనో ఆయన మొదటి ఫిర్యాదు కాదు. నాన్న పోయాక ఇంటి కాగితాలన్నీ ఒక్కరి చేతిలో ఉన్నాయన్నది ఆయన బాధ. మీరు ఎంత మంచి లింకు పంపినా, మీ ల్యాప్‌టాప్ ఆగినప్పుడల్లా ఆయనకు తలుపు మూసుకుంటుంది. కూకట్‌పల్లిలో కరెంటు పోతే పోవచ్చు, ఓనర్ గారు రౌటర్ ఆపి పడుకోవచ్చు, మీరు ఇల్లు మారవచ్చు. ప్రతిసారీ అది "చూపించడం ఇష్టం లేదు" లాగే వినిపిస్తుంది. ఆయన మాట పద్ధతిగా లేదు, నిజమే. మీరు చేసిన చాకిరీకి ఒక్క మంచి మాట అనకుండా అనుమానం వ్యక్తం చేయడం మీకు కష్టం కలిగించడంలో ఆశ్చర్యం లేదు. అయినా ఆయన అడుగుతున్నదాంట్లో న్యాయమైన ముక్క ఒకటుంది. ఆయనకు తన సొంత కాపీ కావాలి.

కాపీ ఇవ్వడానికి మంచి సాధనం సింక్‌థింగ్. ఇది ఉచితం, ఓపెన్ సోర్స్, మధ్యలో కంపెనీ స్టోరేజ్ ఉండదు. మీ ల్యాప్‌టాప్‌లోని ఒక ఫోల్డర్‌ను అన్నయ్య కంప్యూటర్‌లో, తమ్ముడి కంప్యూటర్‌లో అలాగే ఉంచుతుంది. మీరు కొత్త క్యాసెట్ ఎక్కిస్తే అక్కడికీ వెళ్తుంది. దీనికీ రౌటర్ సెట్టింగులు అక్కర్లేదు, నేరుగా దారి దొరక్కపోతే ఇదీ రిలే వాడుకుంటుంది. మీ దగ్గర కరెంటు లేకపోయినా, చివరికి మీ ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ పోయినా, ఫైళ్లు ఇంకో రెండు ఇళ్లలో ఉంటాయి. 140 క్యాసెట్ల కష్టం ఒకే పాత ల్యాప్‌టాప్‌లో ఉందన్న సంగతి చదివినప్పుడు, నిజం చెప్పాలంటే, రౌటర్ కన్నా నాకు ఆ భయమే ఎక్కువైంది.

దీనికీ షరతులున్నాయి. సింక్ అంటే బ్యాకప్ కాదు. మీరు పొరపాటున ఒక ఫోల్డర్ తుడిచేస్తే మిగతా రెండు చోట్లా తుడిచిపెట్టుకుపోతుంది. వాళ్లు పొరపాటున తుడిస్తే మీ దగ్గర పోకుండా మీ వైపు ఫోల్డర్‌ను పంపడానికి మాత్రమే అని, వాళ్ల వైపు తీసుకోవడానికి మాత్రమే అని పెట్టండి. మీ పొరపాటు వాళ్ల కాపీని తినేయకుండా వాళ్ల కంప్యూటర్లలో ఫైల్ వెర్షనింగ్ ఆన్ చేయించండి, తుడిచిన ఫైలు వెంటనే పోకుండా కొన్నాళ్లు పక్కన ఉంటుంది. రెండు వైపులా కంప్యూటర్లు ఒకే సమయంలో ఆన్‌లో ఉండాలి. మనకు రాత్రి పదకొండు అంటే న్యూజెర్సీలో మధ్యాహ్నం పన్నెండున్నరో ఒకటిన్నరో, అక్కడి సీజన్ని బట్టి. కాబట్టి అన్నయ్య ఇంట్లో రోజంతా ఆన్‌లో ఉండే కంప్యూటర్ ఒకటి కావాలి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రం వద్దని చెప్పండి, కంపెనీలు ఒప్పుకోవు, ఒప్పుకున్నా అది రేపు ఆయన చేతిలో ఉండకపోవచ్చు. ఫోన్లలో కూడా దీన్ని నమ్ముకోవద్దు. ఐఫోన్ ఇలాంటి యాప్‌లను తెర వెనక పనిచేయనివ్వదు, ఆండ్రాయిడ్ అధికారిక యాప్‌ను 2024 చివర్లో ఆపేశారు.

600 జీబీ పంపడం ఎంతసేపు? మీ పోర్షన్‌లో అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్ వస్తుందని రాశారు. లెక్కకు ఆగకుండా పంపితే దాదాపు 67 గంటలు, అంటే మూడు రోజులకు కొంచెం తక్కువ. కానీ అలా పంపితే పైన ఓనర్ గారి మనవడి ఆన్‌లైన్ క్లాసు గిర్రున తిరుగుతూ ఉంటుంది. వేగం సగానికి పరిమితం చేసి రాత్రుళ్లు ఏడేసి గంటలు పంపితే 19 రాత్రులు పడుతుంది, అదీ ఒక్కరికే. సింక్‌థింగ్ సెట్టింగులో వేగం సెకనుకు కిలోబైట్లలో అడుగుతుంది. 10 ఎంబీపీఎస్ అంటే అక్కడ సుమారు 1200 అని రాయాలి. 10 అని రాసి, ఎన్ని రోజులైనా ఫైళ్లు కదలట్లేదని వాపోయేవాళ్లు చాలామంది.

అంతకన్నా తెలివైన పని ఒకటుంది. తమ్ముడు పండక్కి వచ్చినప్పుడు ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తెమ్మని, 600 జీబీ అందులోకి ఎక్కించి ఇచ్చేయండి. బెంగళూరు వెళ్లాక దాన్నే సింక్‌థింగ్ ఫోల్డర్‌గా చూపిస్తే, ఉన్న ఫైళ్లను గుర్తుపట్టి కొత్తవి మాత్రమే లాక్కుంటుంది. తమ్ముడి కంప్యూటర్‌నూ అన్నయ్య కంప్యూటర్‌నూ కూడా ఒకదానికొకటి జతచేస్తే, అన్నయ్యకు సగం భారం తమ్ముడి నెట్ మోస్తుంది. ఓనర్ గారి నెట్ మీద మిగిలేది అప్పుడప్పుడూ వెళ్లే కొత్త ఫైళ్లే.

దస్తావేజుల ఫోల్డర్‌ను ఈ 600 జీబీలో కలపకండి. విడిగా పెట్టి అన్నదమ్ములిద్దరికి మాత్రమే పంపండి. అవి కొన్ని వందల ఎంబీలే ఉంటాయి కాబట్టి ఒక్క రాత్రిలో చేరతాయి. పంపేటప్పుడు ఏ కాగితం ఎక్కడుందో ఒక పేజీ రాసి పెట్టండి, అసలు కాగితాలు అమ్మ బీరువాలో ఉన్నాయన్నదీ అందులో రాయండి. స్కాన్ కాపీ చేతిలో ఉన్నంత మాత్రాన ఎవరూ పొలం అమ్మలేరు, లేనంత మాత్రాన ఎవరి హక్కూ పోదు. రిజిస్టరైన దస్తావేజుల సర్టిఫైడ్ కాపీలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకోవచ్చు కూడా. ఈ మాట అన్నయ్యకు తెలియకపోదు గానీ, కోపంలో ఉన్న మనిషికి ఎవరైనా గుర్తుచేయాలి.

క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ గురించి మీరు అడగలేదు, కానీ ఎవరో ఒకరు చెప్తారు కాబట్టి నేనే చెప్తున్నాను. ఇది కూడా లోపలినుంచి బయటికి వెళ్లే దారే. మీ సర్వర్‌కు మామూలు వెబ్‌సైట్ లాగా ఒక లింకు ఇస్తుంది, అవతలివాళ్లు ఏ యాప్ పెట్టుకోనక్కర్లేదు. 2021 నుంచి ఉచితం, సొంత డొమైన్ పేరు మాత్రం కొనుక్కోవాలి. పదిమంది బంధువులకు ఒక ఆల్బమ్ లింకు పంపాలంటే ఇదే సుఖం. కాకపోతే ఫైళ్లు వాళ్ల సర్వర్ల దగ్గర ఎన్‌క్రిప్షన్ విప్పబడి మళ్లీ వేయబడతాయి, అంటే గూగుల్ మీద మీకున్న అభ్యంతరం కొంత ఇక్కడా వర్తిస్తుంది. ఉచిత ప్లాన్‌లో ఒకేసారి 100 ఎంబీకి మించిన అప్‌లోడ్ వెళ్లదు, పెద్ద పెళ్లి వీడియోలకు అది ఉద్దేశించినదీ కాదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ లింకు ప్రపంచానికంతా కనబడుతుంది. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ తీసుకోగానే ఆ పేరు పబ్లిక్ జాబితాల్లోకి ఎక్కుతుంది, వాటిని చూసి తలుపులు తట్టే బాట్లు ఎన్నో. నెక్స్ట్‌క్లౌడ్ అప్‌డేట్లు ప్రతివారం చూసుకోగలను అనుకుంటేనే దీని జోలికి వెళ్లండి. వెళ్తే ముందు మరో లాగిన్ అడ్డు పెట్టండి, షేర్ లింకులకు పాస్‌వర్డూ గడువు తేదీ పెట్టండి.

నెలకు కొన్ని వందలు పెట్టి ఇంటర్నెట్‌లో వీపీఎస్ అనే చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని, మీ ల్యాప్‌టాప్ నుంచి దానిదాకా ఎస్‌ఎస్‌హెచ్ రివర్స్ టన్నెల్ అనే దారి వేసుకుని నడపడం కూడా ఒక దారి. మీకు సరదా ఉంటే చేయండి, అవసరం మాత్రం కనిపించడం లేదు.

మీరే సొంత రౌటర్ కొని ఓనర్ వైఫైకి తగిలిస్తే పని జరుగుతుందేమో అని కూడా రాశారు. జరగదు. మీ రౌటర్ వెనక మీకు ప్రత్యేక నెట్‌వర్క్ వస్తుంది, ఓనర్ ఇంటి పరికరాల నుంచి మీ సర్వర్ విడిగా ఉంటుంది, ఆ మేరకు మంచిదే. బయటికి మాత్రం ఇంకో గోడ పెరుగుతుంది తప్ప తగ్గదు. సొంతంగా వేరే బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకోవడం వేరు సంగతి. నెలకు నాలుగైదు వందలు, పైన జీఎస్టీ అవుతుంది, రౌటర్ మీ చేతిలో ఉంటుంది, ఎవరినీ అడగనక్కర్లేదు. అక్కడా సీజీనాట్ ఉండవచ్చు, స్టాటిక్ ఐపీకి, అంటే మారకుండా మీకే ఉండే పబ్లిక్ అడ్రసుకు, విడిగా డబ్బు అడుగుతారు. కానీ పైన చెప్పిన పద్ధతులకు అది అక్కర్లేదు. ఓనర్‌తో మాట పడే అవకాశం లేకుండా పోవడమే దాని అసలు లాభం.

ఓనర్‌కి చెప్పాలా వద్దా అన్నారు. టెయిల్‌స్కేల్, సింక్‌థింగ్ పెట్టుకోవడానికి ఆయన రౌటర్‌లో వేలు పెట్టడం లేదు, ఆ మేరకు అనుమతి ప్రశ్నే లేదు. కానీ నెట్ ఆయన పేరు మీద ఉంది. ఆయన ప్లాన్‌కు నెలవారీ డేటా పరిమితి ఉండవచ్చు. చాలా అన్‌లిమిటెడ్ ప్లాన్లు 3300 జీబీ దాటాక వేగం తగ్గించేస్తాయి. మొదటి నెలలో మీరు పంపేది దాంట్లో పెద్ద ముక్కే. చెప్పకుండా చేసి, నెట్ నెమ్మదించి, కంపెనీ మనిషి వచ్చి "మీ ఇంట్లోంచి రాత్రంతా అప్‌లోడ్ అవుతోంది సార్" అంటే ఆయన మొహం ఎలా ఉంటుందో మీకు తెలుసు. చెప్తే ఆయన వద్దనవచ్చు, అప్పుడు సొంత కనెక్షన్ ఖర్చు మీ మీద పడుతుంది. ఆ ఎంపిక మీదే. నేనైతే చెప్తాను.

చెప్పేటప్పుడు పోర్ట్, ఫార్వర్డింగ్, సర్వర్ అన్న మాటలు వాడకండి. ఆయన భయం డబ్బా పాడవుతుందని. "అంకుల్, మా తాతగారి హరికథల రికార్డింగులు అమెరికాలో అన్నయ్యకు పంపుకోవాలి. మీ రౌటర్ ముట్టుకోను. రాత్రి పదకొండు తర్వాత, మీరంతా పడుకున్నాకే వెళ్లేలా పెట్టుకుంటాను. నెట్ స్లో అయిందనిపిస్తే ఒక్క ఫోన్ చేయండి, ఆ నిమిషమే ఆపేస్తాను" అంటే సరిపోతుంది. ఆ వయసు మనిషి, హరికథలంటే ఏ ఊరు, ఎవరు చెప్పారు అని కూర్చోబెట్టి అడిగినా అడగవచ్చు. ఒక కథ ఆయనకూ పంపండి.

మరో రెండు చిన్న పనులు, ఇవి ల్యాప్‌టాప్ వైపు. మూత వేస్తే నిద్రపోకుండా ఉబుంటులో సెట్టింగ్ మార్చుకోండి, లేకపోతే ఎవరో మూత వేసిన రోజు అన్నయ్య నుంచి మళ్లీ అదే ఫోన్. పాత బ్యాటరీ ఏడాది పొడవునా చార్జింగ్‌లో ఉంటే ఉబ్బుతుంది, నెలకోసారి అడుగు భాగం తడిమి చూడండి, ఎత్తుగా అనిపిస్తే బ్యాటరీ మార్పించండి.

అన్నయ్యకు ఫోన్ చేసేటప్పుడు మాత్రం సాఫ్ట్‌వేర్ పేర్లతో మొదలుపెట్టకండి. "కాగితాలన్నీ నీ దగ్గరా, తమ్ముడి దగ్గరా కూడా ఒక్కో కాపీ ఉండేలా చేస్తున్నాను అన్నయ్యా, ఆదివారం ఒక అరగంట కంప్యూటర్ ముందు కూర్చో" అనండి. ఆ అరగంటలో ముందు దస్తావేజుల ఫోల్డర్ పంపి, అది ఆయన డిస్క్ మీద తెరుచుకున్నాక, మీ ల్యాప్‌టాప్ వైఫై ఆపి మళ్లీ తెరవమనండి. తెరుచుకుంటుంది. ఆ తర్వాత వదినను కూడా పిలిచి చూపించమనండి.